న్యూయార్క్‌లో రికార్డయిన సదరన్ రాక్: ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ ఎలా తయారైంది, ఎందుకు నిలిచింది

2024 ఏప్రిల్ 18న గిటారిస్ట్ డికీ బెట్స్ కన్నుమూశాడు. అతన్ని తలుచుకుంటూ వచ్చిన రాతల్లో రెండు పేర్లు పదే పదే కనిపించాయి. ఒకటి ‘సదరన్ రాక్’ అనే సంగీత ధోరణి. రెండోది ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ అనే డబుల్ ఆల్బం. ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ 1971లో తెచ్చిన ఈ ఆల్బమే ఆ ధోరణికి పునాది అని చెప్పడం మామూలైపోయింది.

కొత్తగా వినేవాళ్లకు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అమెరికా దక్షిణాది సంగీతానికి ప్రతినిధి అంటున్న ఈ రికార్డు తయారైంది ఉత్తరాన ఉన్న న్యూయార్క్‌లో. ఇందులోని ఏడు పాటల్లో నాలుగు వేరేవాళ్లవి, అవి కూడా నల్లజాతి బ్లూస్ కళాకారులు పాడి రికార్డు చేసినవి. మిగిలిన మూడింట్లో రెండిటికి అసలు మాటలే లేవు, వాయిద్యాలే. ‘లైవ్’ ఆల్బం అని పేరున్నా దీని మీద కత్తెర పడింది. ఇక బ్యాండ్ గాయకుడు గ్రెగ్ ఆల్మన్‌కు ‘సదరన్ రాక్’ అనే మాటే నచ్చేది కాదు.

ఇన్ని మెలికలున్న రికార్డు ఒక ధోరణికి గుర్తుగా ఎలా నిలబడింది? నాకు అర్థమైనంతలో, దీన్ని నిలబెట్టింది ప్రాంతం పేరు కాదు. ఆరుగురు మనుషులు ఒకరినొకరు అంత శ్రద్ధగా వింటూ వాయించడం, అందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తెలిసిన ఒక ప్రొడ్యూసర్ (రికార్డింగ్ నడిపించే మనిషి) చెయ్యి పడడం. ఆ లేబుల్ తర్వాత వచ్చి అతుక్కుంది.

ముందుగా నాలుగు మాటలు

సదరన్ రాక్ అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి, ముఖ్యంగా జార్జియా, ఫ్లోరిడా, అలబామా, టెనెసీ, కరోలినాల నుంచి 1970ల్లో వచ్చిన గిటార్ ప్రధానమైన రాక్ సంగీతం. బ్లూస్, కంట్రీ, గాస్పెల్ (చర్చి పాటలు), సోల్ అనే సంగీత రీతులన్నీ ఆ నేల మీద పెరిగినవే. వాటిని కలిపి, ఒకటికి రెండు మూడు లీడ్ గిటార్లు పెట్టి, సోలోలు పొడుగ్గా సాగదీసి వాయించడం ఈ ధోరణి లక్షణం. లినర్డ్ స్కినర్డ్, మార్షల్ టక్కర్ బ్యాండ్ లాంటి పేర్లు ఈ వరసలోవే.

జామ్ అంటే పాట చట్రం దాటి బయటికి వెళ్లి, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడం. మనోధర్మం అనుకోవచ్చు. కాకపోతే ఇక్కడ ఒక్కరి మనోధర్మం కాదు, ఆరుగురిదీ ఒకేసారి నడుస్తుంది.

స్లైడ్ గిటార్ అంటే వేలికి గాజు గొట్టమో లోహపు గొట్టమో తొడుక్కుని తీగల మీద జారుస్తూ వాయించే పద్ధతి. స్వరం మెట్టు మెట్టుగా కాకుండా జారుతూ వెళ్తుంది కాబట్టి మనిషి గొంతులా వినిపిస్తుంది.

లైవ్ ఆల్బం అంటే కచేరీలో రికార్డు చేసి విడుదల చేసినది. ఆ రాత్రి జరిగింది జరిగినట్టు ఉంటుందనే అందరం అనుకుంటాం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తర్వాత చూద్దాం.

ఆరుగురు, ఒక చిన్న ఊరు

డ్వేన్ ఆల్మన్ 1946లో, తమ్ముడు గ్రెగ్ 1947లో టెనెసీలోని నాష్‌విల్‌లో పుట్టారు. పెరిగింది ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో. డ్వేన్ ముందు సెషన్ గిటారిస్టుగా పేరు తెచ్చుకున్నాడు. అంటే స్టూడియోలో వేరేవాళ్ల పాటలకు వాయించి డబ్బు తీసుకునే కళాకారుడు. అలబామాలోని మజిల్ షోల్స్‌లో, ఫేమ్ స్టూడియోలో, విల్సన్ పికెట్ పాడిన ‘హే జూడ్’కు 1968లో అతను వాయించిన గిటార్ విని సంగీతరంగంలో పెద్దవాళ్లు ఉలిక్కిపడ్డారు. అలా విన్నవాళ్లలో ఫిల్ వాల్డెన్ ఒకడు. జార్జియాలోని మేకన్‌కు చెందిన వాల్డెన్ అంతకుముందు సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్‌కు మేనేజర్. 1967 డిసెంబర్‌లో రెడింగ్ విమాన ప్రమాదంలో పోయాక వాల్డెన్ కొత్త దారి వెతుక్కుంటున్నాడు. డ్వేన్ చుట్టూ ఒక బ్యాండ్ కట్టాలనుకున్నాడు.

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆ బ్యాండ్ కుదిరింది. డ్వేన్, డికీ బెట్స్ గిటార్లు. బెరీ ఓక్లీ బేస్. డ్రమ్మర్లు ఇద్దరు: బుచ్ ట్రక్స్, జైమో. లాస్ ఏంజెలెస్ నుంచి అన్న పిలిస్తే వచ్చిన గ్రెగ్ గాయకుడు, ఆర్గన్ వాయిద్యకారుడు. ఇద్దరు డ్రమ్మర్లు ఎందుకంటే, ట్రక్స్ బండిని ముందుకు నడిపించే రకం, జైమో దాని చుట్టూ అల్లే రకం. ఓటిస్ రెడింగ్, పర్సీ స్లెడ్జ్ లాంటి సోల్ గాయకుల వెనుక వాయించి వచ్చిన జైమోకి జాజ్ అంటే ప్రాణం. మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్ రికార్డులు మిగతావాళ్లకు ఎక్కించింది ఎక్కువగా అతనే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఆల్బం సగం అర్థమవుతుంది.

త్వరలోనే అందరూ మేకన్‌కు మకాం మార్చారు. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఆ ఊరు కారులో గంటన్నర దూరం. వైన్‌విల్ అవెన్యూలో వాళ్లు కలిసి ఉన్న ‘బిగ్ హౌస్’ ఇప్పుడు మ్యూజియం. 1969లో ఒక నల్లజాతి యువకుడు (జైమో), ఐదుగురు పొడుగు జుట్టు తెల్ల కుర్రాళ్లు కలిసి తిరగడం ఆ ఊళ్లో అందరికీ మింగుడుపడే దృశ్యం కాదు. జేబులో డబ్బుల్లేని ఆ రోజుల్లో వాళ్లకు అన్నం పెట్టింది హెచ్ అండ్ హెచ్ రెస్టారెంట్ నడిపిన నల్లజాతి మహిళ లూయిస్ హడ్సన్. బ్యాండ్ ఆమెను ‘మామా లూయిస్’ అని పిలిచేది. పేరొచ్చాక కూడా ఆమెను మరిచిపోలేదు.

రెండు స్టూడియో ఆల్బంలు వచ్చాయి. 1969 నాటి మొదటిది అమెరికా చార్టుల్లో (అమ్మకాల వరస పట్టికల్లో) 188వ స్థానం దగ్గరే ఆగిపోయింది. 1970లో వచ్చిన ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ 38 దాకా వెళ్లింది. కంపెనీ ఆశించిన అమ్మకాలు కావవి. కానీ కచేరీలకు జనం వస్తున్నారు, ఒకసారి విన్నవాళ్లు మళ్లీ వస్తున్నారు. వ్యాన్‌లో ఊరూరా తిరుగుతూ ఏడాది పొడవునా వాయిస్తున్న బ్యాండ్ అది. స్టూడియోలో నాలుగైదు నిమిషాలకు కుదించిన పాట వేదిక మీద పావుగంట సాగేది, ప్రతి రాత్రీ కొత్త దారి పట్టేది. ఉన్నదల్లా వేదిక మీదే ఉన్నప్పుడు రికార్డు చేయాల్సింది కూడా అక్కడే అన్న నిర్ణయం అలా వచ్చింది.

న్యూయార్కే ఎందుకు

ఫిల్మోర్ ఈస్ట్ అనేది మాన్‌హాటన్‌లో సెకండ్ అవెన్యూ మీద ఉన్న పాత థియేటర్. 1968 మార్చిలో కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహం దాన్ని రాక్ కచేరీల హాలుగా మార్చాడు. రెండున్నర వేలకు పైగా సీట్లు, మంచి సౌండ్ సిస్టమ్, అన్నిటికంటే ముఖ్యంగా వినడానికే వచ్చే జనం. ఆల్మన్ బ్రదర్స్ 1969 డిసెంబర్ చివర్లో మొదటిసారి అక్కడ వాయించారు. గ్రాహంకి నచ్చారు, మళ్లీ పిలిచాడు.

దక్షిణాది బ్యాండ్ తన గొప్ప రికార్డును ఉత్తరాదిలో చేయడం వింతగా అనిపించేది ఇప్పుడు, లేబుల్ వచ్చాక. అప్పటికి వాళ్లకు అది తమను బాగా వినే ఊరు, అంతే. నెమ్మదిగా మొదలై ఇరవై నిమిషాల తర్వాత శిఖరానికి చేరే పాటను ఓపికగా వినే శ్రోతలు ఎక్కడుంటే అక్కడే ఆ పాట పూర్తిగా విచ్చుకుంటుంది. రికార్డులో చెవిపెట్టి వినండి. సోలో మధ్యలో బ్యాండ్ గుసగుస స్థాయికి దిగినప్పుడు హాల్లో కూడా దాదాపు నిశ్శబ్దమే.

1971 మార్చి 11, 12, 13

పోస్టర్ మీద ప్రధాన ఆకర్షణ గిటారిస్ట్ జానీ వింటర్. ఎల్విన్ బిషప్ గ్రూప్ కూడా ఉంది. ఆల్మన్ బ్రదర్స్ అదనపు ఆకర్షణ మాత్రమే. అయితే వీళ్లు వాయించాక జనం లేచి వెళ్లిపోతుండడంతో క్రమం మార్చి, వీళ్లను చివర్లో పెట్టాల్సి వచ్చిందని ఆ రోజుల గురించి చెప్పుకుంటారు.

ప్రొడ్యూసర్ టామ్ డౌడ్. ఇతని గురించి కాస్త ఆగి చెప్పాలి. కుర్రతనంలో కొలంబియా యూనివర్సిటీలో అణుబాంబు ప్రాజెక్టుకు సంబంధించిన భౌతికశాస్త్ర పనిలో ఉన్నవాడు, తర్వాత అట్లాంటిక్ రికార్డ్స్‌లో సౌండ్ ఇంజనీర్ అయ్యాడు. రే చార్ల్స్, అరీతా ఫ్రాంక్లిన్‌ల రికార్డింగులు చేశాడు. కోల్ట్రేన్ ‘జైంట్ స్టెప్స్’ రికార్డు చేసింది కూడా అతనే. అంటే కోల్ట్రేన్‌ను ఆరాధించే కుర్రాళ్లను, కోల్ట్రేన్‌నే రికార్డు చేసిన మనిషి ఇప్పుడు రికార్డు చేస్తున్నాడు. ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ కూడా డౌడ్ చేసిందే. 1970లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ ‘లేలా’ సెషన్లలో డ్వేన్ వాయించినప్పుడూ అతనే ప్రొడ్యూసర్. డ్వేన్ గిటార్‌ను అతనంత దగ్గరగా విన్నవాళ్లు తక్కువ.

హాలు బయట నిలబెట్టిన ట్రక్కులో పదహారు ట్రాకుల రికార్డింగ్ యంత్రం. పదహారు ట్రాకులంటే, ఒక్కో వాయిద్యం, ఒక్కో గొంతు విడివిడిగా టేపు మీదికి ఎక్కుతుంది కాబట్టి తర్వాత దేని మోతాదు దానికి సర్దుకోవచ్చు. రికార్డింగ్ మొదలైనప్పుడు డౌడ్‌కు అనుకోని దెబ్బ తగిలింది. బ్యాండ్ తనకు చెప్పకుండా శాక్సఫోన్ వగైరా ఊదుడు వాయిద్యాలవాళ్లను వేదిక మీదికి తెచ్చింది. అవి శ్రుతిలో కుదరలేదు. పైగా ఒకే మైకులో రెండు శబ్దాలు కలిసిపోతే తర్వాత విడదీయడం కుదరదు. వాళ్లను తప్పించాల్సిందేనని డౌడ్ పట్టుబట్టాడు. హార్మోనికా వాయించే థామ్ డూసెట్ మాత్రం కొన్ని పాటల్లో మిగిలాడు.

ప్రతి రాత్రీ షో అయ్యాక బ్యాండ్ అట్లాంటిక్ స్టూడియోకి వెళ్లి ఆ రాత్రి టేపులు వినేది. ఏ పాట వచ్చేసింది, దేన్ని రేపు మళ్లీ ప్రయత్నించాలి అని అక్కడే తేల్చుకునేవాళ్లు. అంటే మూడు రాత్రుల కచేరీ వాళ్లకు ఒక రకంగా స్టూడియో సెషన్ కూడా. 13వ తేదీ శనివారం బాంబు బెదిరింపు వచ్చి రెండో షో ఆలస్యమైంది. ఆ షో తెల్లవారేదాకా సాగింది. ఆల్బంలోని ‘విప్పింగ్ పోస్ట్’ ఆ షోలోదే.

పాటలోకి వెళ్లి చూస్తే

మొదటి పాట ‘స్టేట్స్‌బరో బ్లూస్’. జార్జియాకే చెందిన బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ 1928లో పన్నెండు తీగల గిటార్‌తో రికార్డు చేసిన పాట ఇది. డ్వేన్‌కు ఇది తగిలిన దారి వేరు. అతని పుట్టినరోజుకి గ్రెగ్ తాజ్ మహల్ అనే గాయకుడి ఆల్బం ఒకటి, జలుబు మాత్రల సీసా ఒకటి ఇచ్చాడని కథ. ఆ ఆల్బంలో ఈ పాట ఉంది. డ్వేన్ సీసా ఖాళీ చేసి వేలికి తొడుక్కుని స్లైడ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఫిల్మోర్ రికార్డులో పాట మొదటి క్షణాల్లోనే వినిపించే ఆ జారుడు శబ్దం అలాంటి మాత్రల సీసా నుంచి వచ్చిందే. నాలుగు నిమిషాల ఈ పాటను తర్వాతి తరాల స్లైడ్ గిటారిస్టులు పాఠంగా సాధన చేశారు.

‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ డికీ బెట్స్ రచన. మేకన్‌లోని రోజ్ హిల్ శ్మశానంలో ఒక సమాధి రాయి మీద ఎలిజబెత్ రీడ్ నేపియర్ అనే పేరుంది. తనకు దగ్గరైన వేరే స్త్రీ పేరు బయట పెట్టకుండా ఉండడానికి ఆ పేరు వాడుకున్నానని బెట్స్ చెప్పాడు. ఫిల్మోర్ వెర్షన్ 13 నిమిషాలు. దాన్ని విడగొట్టి వింటే జామ్ అంటే తోచినట్టు వాయించడం కాదని తెలుస్తుంది. మొదట బెట్స్ గిటార్ వాల్యూమ్‌ను సున్నా నుంచి పైకి తిప్పుతూ తీగ మీటిన చప్పుడు వినపడకుండా వయొలిన్ లాంటి నాదం తెస్తాడు. తర్వాత రెండు గిటార్లు ఒకే రాగాన్ని వేర్వేరు స్థాయిల్లో జంటగా పలుకుతాయి. ఈ జంట గిటార్ల పద్ధతే తర్వాత సదరన్ రాక్ ముద్ర అయింది. ఆ పైన వేగం పెరుగుతుంది. బెట్స్ సోలో, గ్రెగ్ ఆర్గన్, తర్వాత డ్వేన్. చివరికి డ్రమ్ముల విరామం, మళ్లీ మొదటి రాగం.

డ్వేన్ సోలోలో ఒక్కసారి గిటార్ వదిలేసి బేస్, డ్రమ్స్ వినండి. అతను ఒక చిన్న పలుకును మళ్లీ మళ్లీ తిప్పుతున్నప్పుడు ఓక్లీ కింద మరో రాగం కడుతుంటాడు, జైమో దాన్ని అందుకుంటాడు, అప్పుడే డ్వేన్ ఇంకో మెట్టు ఎక్కుతాడు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నుంచి తాను నేర్చుకున్నానని డ్వేన్ చెప్పింది ఇదే. కార్డ్ మార్పులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు మారడం) తక్కువ పెట్టుకుని, ఒకే స్వరభూమి మీద ఎక్కువసేపు నిలబడి కట్టుకుంటూ వెళ్లడం. నాకు ఈ ఆల్బంలో అత్యంత ఇష్టమైన 13 నిమిషాలు ఇవి.

‘విప్పింగ్ పోస్ట్’ గ్రెగ్ రాసింది. బ్యాండ్‌లో చేరడానికి జాక్సన్‌విల్ వచ్చిన కొత్తల్లో, రాత్రి పాట తట్టి కాగితం దొరక్క, కాల్చిన అగ్గిపుల్లల బొగ్గుతో ఇస్త్రీ బల్ల గుడ్డ మీద మాటలు రాసుకున్నానని చెప్పాడు. ఫిల్మోర్ వెర్షన్ దాదాపు 23 నిమిషాలు. ఎల్‌పీలో (అప్పటి రెండు వైపుల గ్రామఫోన్ రికార్డులో) ఒక వైపంతా ఇదే.

దీని మొదలు బేస్ గిటార్‌తో. చాలామంది తాళం తప్పేది ఇక్కడే. మామూలు రాక్ పాటకు నాలుగు లెక్క. ఇక్కడ పదకొండు. మనకు అలవాటైన జతుల్లో చెప్పుకుంటే తకిట, తకిట, తకిట, తక. మూడు, మూడు, మూడు, రెండు. చేత్తో వేసుకుంటూ వింటే చివరి ‘తక’ దగ్గర నేల హఠాత్తుగా ఒక అడుగు ముందే వచ్చేస్తుంది. అందుకే ఆ వరస ఎవరో వెనకనుంచి నెట్టుతున్నట్టు పరిగెడుతుంది. గ్రెగ్ పాడడం మొదలుపెట్టగానే ఆ చివరి లోటు పూడి పన్నెండు అవుతుంది: తకిట నాలుగుసార్లు. ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. గ్రెగ్ దీన్ని పదకొండు అని లెక్కపెట్టి రాయలేదు. అన్న చెప్పేదాకా తనకు తెలియదని అన్నాడు.

ఆ తర్వాత ఇరవై నిమిషాల్లో పాట రెండు మూడుసార్లు పూర్తిగా ఆగిపోయినంత పని చేస్తుంది, తాళమే లేకుండా తేలుతుంది, మళ్లీ పుంజుకుంటుంది. చివర్లో పాట అయిపోతూ ఉండగా ‘మౌంటెన్ జామ్’ మొదలవుతుంది, శబ్దం తగ్గిపోతుంది. ఆ కొనసాగింపు 33 నిమిషాలకు పైగా ఉండడంతో అది 1972లో ‘ఈట్ ఎ పీచ్’ ఆల్బంలో ఎల్‌పీ రెండు వైపులకు పంచి వచ్చింది.

లైవ్ అంటే ఎంత లైవ్?

ఇప్పుడు కత్తెర సంగతి. 19 నిమిషాల ‘యూ డోంట్ లవ్ మీ’ ఒకే ప్రదర్శన కాదు. రెండు షోల టేపులను డౌడ్ అతికించాడు. ‘స్టార్మీ మండే’లో డూసెట్ హార్మోనికా సోలో తీసేశాడు. వరుసగా వినిపించే ఏడు పాటలూ ఒకే షోవి కావు.

దీనిమీద రెండు వాదనలున్నాయి. ఒకటి: ఇలా అతికిస్తే అది ఆ రాత్రి సంగీతం కాదు, ఎప్పుడూ జరగని కచేరీ. జామ్ విలువంతా ఆ క్షణంలో పుట్టడంలోనే ఉందనుకుంటే ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. రెండోది: ఎల్‌పీ ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి కొద్దిగానే పడుతుంది, ఎంచుకోక తప్పదు. పైగా డౌడ్ తర్వాత స్టూడియోలో కొత్తగా వాయించి కలపలేదు. తప్పులు దిద్దడానికి పాట మొత్తం మళ్లీ పాడించడం ఆ రోజుల్లో లైవ్ ఆల్బంల్లో మామూలే. ఇక్కడ ఆ పని జరగలేదు. వినిపించే ప్రతి స్వరం ఆ వేదిక మీద వాయించిందే, వరస మాత్రం ప్రొడ్యూసర్‌ది. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. ‘ఎలిజబెత్ రీడ్’, ‘విప్పింగ్ పోస్ట్’ లాంటివి ఒక్కోటీ అతుకుల్లేకుండా ఒకే షో నుంచి వచ్చాయి కాబట్టి ఆల్బం గుండెకాయ చెక్కుచెదరలేదు.

విడుదల, ఆ వెంటనే విషాదం

డబుల్ లైవ్ ఆల్బం అంటే పంపిణీ చేసే అట్లాంటిక్ సంస్థకు మొదట ఇష్టం లేదు. ఇన్నిన్ని జామ్‌లు భద్రపరచడం ఎందుకని అక్కడి పెద్ద జెర్రీ వెక్స్లర్ అభిప్రాయం. ఈ బ్యాండ్ అంటేనే వేదిక అని వాల్డెన్ నచ్చజెప్పాడు. 1971 జూలైలో వాల్డెన్ రికార్డు కంపెనీ కాప్రికార్న్ నుంచి, రెండు డిస్కులైనా ఒక డిస్కు ధరకు వచ్చింది. అప్పటికి ఫిల్మోర్ ఈస్ట్ మూతపడింది. జూన్ 27న ఆ హాలు ఆఖరి రాత్రి ముగింపు కచేరీ ఇచ్చింది కూడా ఆల్మన్ బ్రదర్సే.

అట్ట మీది ఫొటో జిమ్ మార్షల్ తీశాడు. ఇటుక గోడ ముందు సామాన్ల పెట్టెల మీద కూర్చుని ఆరుగురూ విరగబడి నవ్వుతుంటారు. చూస్తే హాలు వెనుక సందు అనిపిస్తుంది గానీ అది తీసింది మేకన్‌లోనే. ఫొటోకి బిగుసుకుపోయి కూర్చున్న వేళ డ్వేన్ ఒక్కసారిగా లేచి, అటు పోతున్న మనిషి దగ్గర మాదకద్రవ్యం పొట్లం తీసుకుని వచ్చి గుప్పిట్లో దాచుకున్నాడు, ఆ నవ్వు అందుకే. ఆ పొట్లాలే తర్వాత బ్యాండ్‌ను చాలా ఏళ్లు పీడించాయి. వెనుక అట్ట మీద రోడీలున్నారు. అంటే సామాన్లు మోసి, వేదిక సిద్ధం చేసే సిబ్బంది. బ్యాండ్ తమతో సమానంగా వాళ్లకు ఒక అట్ట ఇవ్వడం నాకు ఎప్పుడూ నచ్చే విషయం.

ఆల్బం చార్టుల్లో 13కు చేరింది. అక్టోబర్ 25న అమ్మకాలు ఒక పెద్ద స్థాయి దాటినందుకు ఇచ్చే గోల్డ్ సర్టిఫికెట్ వచ్చింది. నాలుగు రోజులకు, అక్టోబర్ 29న, మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్వేన్ చనిపోయాడు. 24 ఏళ్లు. మరుసటి ఏడాది నవంబర్ 11న, అక్కడికి మూడు వీధుల దూరంలో, మోటార్‌సైకిల్ ప్రమాదంలోనే బెరీ ఓక్లీ పోయాడు. అతనికీ 24. ఇద్దరూ రోజ్ హిల్ శ్మశానంలోనే ఉన్నారు.

ఈ మరణాల వల్లే ఆల్బంకు పెద్దపేరు వచ్చిందనేవాళ్లు ఉన్నారు. కాలక్రమం చూస్తే అది నిలవదు. డ్వేన్ బతికుండగానే అది గోల్డ్ అయింది. మరణం చేసిందల్లా, ఆ ఆరుగురి సంగీతానికి ఇదే దాదాపు చివరి పూర్తి పత్రం అయ్యేలా చేయడం.

లేబుల్ మీద తగువు

‘సదరన్ రాక్’ అనే మాట ఈ ఆల్బం వచ్చేనాటికి వాడుకలో కుదురుకోలేదు. 1973లో బ్యాండ్ ‘బ్రదర్స్ అండ్ సిస్టర్స్’ ఆల్బం చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లడం, అదే ఏడాది లినర్డ్ స్కినర్డ్ తొలి ఆల్బం రావడం, కాప్రికార్న్ వరసగా దక్షిణాది బ్యాండ్‌లను తీసుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. రాక్ అండ్ రోల్ పుట్టిందే దక్షిణాదిలో, ఇక ‘సదరన్ రాక్’ అంటే ‘రాక్ రాక్’ అన్నట్టుంటుందని గ్రెగ్ అనేవాడు.

ఇందులో రాజకీయ కోణం కూడా ఉంది. 1970ల్లో లినర్డ్ స్కినర్డ్ లాంటి బ్యాండ్‌లు వేదిక మీద కాన్ఫెడరేట్ జెండా వాడాయి. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి అంతర్యుద్ధం చేసిన రాష్ట్రాల జెండా అది. దాంతో సదరన్ రాక్ అంటే ఆ జెండా సంస్కృతి అనే ముద్ర పడింది. ఆల్మన్ బ్రదర్స్‌లో మొదటినుంచీ నల్లజాతి డ్రమ్మర్ ఉన్నాడు. ఓక్లీ పోయాక వచ్చిన బేసిస్ట్ లమార్ విలియమ్స్ కూడా నల్లజాతివాడే. జార్జియా గవర్నర్‌గా చేసిన జిమ్మీ కార్టర్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు, 1975లో, ఈ బ్యాండ్ నిధుల సేకరణ కచేరీ చేసింది. కాబట్టి ఒకే లేబుల్ కింద రెండు రకాల దక్షిణాదులు ఉన్నాయి. ఏ బ్యాండ్‌ను ఆ మాట గుర్తుచేస్తే దాన్నిబట్టి అర్థం మారిపోతుంది.

అరువా, కొనసాగింపా?

ఇంతకంటే గట్టి ప్రశ్న ఇంకొకటి. మెక్‌టెల్, ఎల్మోర్ జేమ్స్, టీ-బోన్ వాకర్, విల్లీ కాబ్స్ పాటలతో తెల్ల కుర్రాళ్లు ఎక్కువగా ఉన్న బ్యాండ్ గోల్డ్ సాధించింది. మూలకర్తల్లో ఎవరికీ ఆ స్థాయి అమ్మకాలు దక్కలేదు. బ్లూస్ విషయంలో అమెరికా మార్కెట్ చేసిన అన్యాయం ఇందులోనూ ఉందనేది ఒక వాదన. నిజంగానే మార్కెట్ ఎవరి గొంతును ఎంతకు కొంటుందో రంగు నిర్ణయించింది. కొరడా దెబ్బల కంబం అనే బానిసత్వ కాలపు హింసను ప్రేమ విఫలమైన బాధకు పోలికగా వాడిన ‘విప్పింగ్ పోస్ట్’ శీర్షిక కూడా కొందరికి ఇబ్బందే.

ఇటువైపు వాదన: వాళ్లు పాటల కర్తల పేర్లు దాచలేదు, పాటలు తమవని చెప్పుకోలేదు. సోల్ గాయకుల దగ్గరే పని నేర్చుకున్నారు. బ్లూస్‌లో పాట ఒకరి నుంచి ఒకరికి మారుతూ రావడం ముందునుంచీ ఉన్నదే. కాబ్స్ ‘యూ డోంట్ లవ్ మీ’ కూడా అంతకుముందు బో డిడ్లీ పాడిన పాట నుంచి అల్లుకున్నదే. మార్కెట్ అన్యాయం, సంగీతకారుల నిజాయితీ అనేవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం అయిపోదు. మెక్‌టెల్ 1928 రికార్డింగ్‌ను, ఫిల్మోర్ వెర్షన్‌ను పక్కపక్కన వింటే రెండూ వాటి వాటి సత్తా మీదే నిలబడతాయి.

ఏం మిగిలింది

2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ రికార్డింగుల జాతీయ జాబితాలో ఈ ఆల్బం చేరింది. తర్వాత తరాల ‘జామ్ బ్యాండ్’ల సంస్కృతికి ఇది ఒక మూలం. బుచ్ ట్రక్స్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ చిన్నప్పటినుంచే డ్వేన్ స్లైడ్ పద్ధతిని నేర్చుకుని, తర్వాత అదే బ్యాండ్‌లో డ్వేన్ జాగాలో వాయించాడు. న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో 2014 అక్టోబర్ 28న మొదలైన ఆఖరి కచేరీ అర్ధరాత్రి దాటి, డ్వేన్ వర్ధంతి రోజుకు చేరాక ముగిసింది. గ్రెగ్, బుచ్ ఇద్దరూ 2017లో పోయారు. బెట్స్ మరణంతో ఫిల్మోర్ వేదిక మీది ఆరుగురిలో జైమో ఒక్కడే మిగిలాడు.

పొడవైన జామ్‌లు అతి అని, అదే రాక్‌ను దారి తప్పించిందని తర్వాతి పంక్ తరం విసుక్కుంది. చాలా బ్యాండ్‌ల విషయంలో ఆ విసుగు న్యాయమే. నాలుగు మంచి పలుకులు కూడా లేకుండా ఇరవై నిమిషాలు లాగినవి ఎన్నో ఉన్నాయి. తేడా తెలియాలంటే ‘విప్పింగ్ పోస్ట్’లో ఏ రెండు నిమిషాలైనా ఎంచుకుని అందులో ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో వెతకండి. జవాబు దొరకని చోటు తక్కువ.

కొత్తగా వినేవాళ్లు ఏ వెర్షన్ పట్టుకోవాలన్నది ఇప్పుడు చివరి తికమక. 1971 నాటి ఏడు పాటల వరస డౌడ్ కూర్చినది. 1992లో పాటలు పెంచి, కొత్తగా మిక్స్ చేసి ‘ది ఫిల్మోర్ కాన్సర్ట్స్’ వచ్చింది. 2003 డీలక్స్ ఎడిషన్ ఇంకొకటి. 2014లో వచ్చిన ఆరు సీడీల సెట్‌లో మార్చి 12, 13 తేదీల నాలుగు షోలు, జూన్ 27 ముగింపు కచేరీ జరిగింది జరిగినట్టు ఉన్నాయి. మొదట ఏడు పాటల ఆల్బం విని, తర్వాత ఆ సెట్‌కు వెళ్లడం మంచి దారి. అందులో డౌడ్ వద్దన్న శాక్సఫోన్ కొన్ని పాటల్లో వినిపిస్తుంది, ‘స్టార్మీ మండే’లో కోసేసిన హార్మోనికా సోలో తిరిగి చోటు చేసుకుంటుంది. 12వ తేదీ ‘ఎలిజబెత్ రీడ్’ను 13వ తేదీ దానితో పోల్చి వింటే, ఒక్క రాత్రి తేడాలో డ్వేన్ సోలో పూర్తిగా వేరే దారిలో శిఖరానికి వెళ్లడం, కింద ఓక్లీ కూడా తన రాగాన్ని కొత్తగా కట్టుకోవడం స్పష్టంగా వినపడుతుంది.